పలికినవాడు, గ్రహించినవాడు: మంజీర తీరంలో పఠన బోధన పరీక్షల చరిత్ర

చదువు చెప్పే వ్యక్తి తన పనిలో ఎంతటివాడో తేల్చడానికి తెలుగు ప్రాంతాల్లో రెండు శతాబ్దాలుగా మూడు మార్గాలు నడిచాయి: పిల్లల చేత చదివించి, విని, దానిని బట్టి గురువును అంచనా వేయడం ఒకటి, గురువు చేతనే కాగితం మీద జవాబు రాయించి దిద్దడం రెండవది, నాలుగు జవాబుల్లో సరైనదానిని గుర్తించమని అడిగి యంత్రంతో లెక్కకట్టడం మూడవది. వీటిలో నడిమిదైన రాతజవాబుకు ఇప్పుడు ఆదరణ సన్నగిల్లింది. సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతంలో ఉపాధ్యాయ ఉద్యోగానికి సిద్ధపడే యువతీయువకులు ప్రిపరేషన్ అనగానే బిట్లనే, అంటే ఒక్క గుర్తుతో తేలిపోయే బహుళైచ్ఛిక ప్రశ్నలనే తలుస్తారు. అయినప్పటికీ చదవడం నేర్పే విద్యను పరీక్షించే చోట రాతజవాబు చేయగలిగిన పని ఒకటి మిగతా రెండింటికీ చేతకాలేదనడానికి ఈ ప్రాంతపు గతమే ఆధారమిస్తుంది. అక్షరాన్ని తప్పులేకుండా పలికి అర్థం గ్రహించని పిల్లవాడు ఒకడు, అర్థం గ్రహించి అక్షరాన్ని తన ఇంటి మాటలోకి మార్చి పలికేవాడు మరొకడు. ఈ ఇద్దరినీ వేరుచేసి చూడడం ఏ కాలపు పరీక్షకూ సులువు కాలేదు.

మొదటి పిల్లవాడి ప్రస్తావన ప్రభుత్వ కాగితాలకెక్కి రెండు వందల ఏళ్లు దాటింది. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో తన ఏలుబడిలోని బడుల వివరాలు పంపవలసిందిగా కలెక్టర్లను ఆదేశించగా, తుంగభద్రకు దక్షిణాన నిజాం రాజ్యపు సరిహద్దుకు ఆవల ఉన్న బళ్లారి జిల్లా కలెక్టరు ఎ. డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో ఒక నివేదిక పంపాడు. జిల్లా మొత్తంలో 533 బడులు ఉన్నాయనీ, వాటిలో 6,641 మంది చదువుతున్నారనీ, తెలుగు బడులు 226 అనీ అందులో లెక్క ఉంది. పిల్లలను అయిదేళ్ల వయసులో బడిలో చేరుస్తారని చెప్పి, ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దించడం, పెద్ద పిల్లల చేత చిన్న పిల్లలకు చెప్పించడం వంటి పద్ధతులను క్యాంప్‌బెల్ పొదుపైనవని మెచ్చుకున్నాడు. ఈ ఇసుకరాతనూ, పిల్లల చేత పిల్లలకు చెప్పించే ఏర్పాటునూ మద్రాసులో గమనించిన ఆండ్రూ బెల్ అప్పటికి పాతికేళ్ల కిందటే, 1797లో, వాటిని ఇంగ్లండుకు పరిచయం చేసి ఉన్నాడు. అయితే బడుల్లో చదివించే గ్రంథాలు పద్యరూపంలో, నిత్యవ్యవహారానికి దూరమైన భాషలో ఉన్నందువల్ల పిల్లలు చిలకల్లా వల్లించడమే తప్ప అర్థం ఎరగరనీ, చాలాచోట్ల చెప్పేవారికీ ఆ అర్థం తెలియదనీ కూడా క్యాంప్‌బెల్ రాశాడు. ఆ మాటలో పాలకుడి చులకన కొంత ఉన్నదని ఒప్పుకొన్నా, ఉచ్చారణ వేరు, అవగాహన వేరు అనే గుర్తింపు దానిలో ఉంది. తరువాత వచ్చిన పరీక్షా పద్ధతులు ఆ గుర్తింపును వెంట తెచ్చుకోలేదు.

1862లో ఇంగ్లండులో, ఆ దశాబ్దంలోనే మద్రాసు రాజధానిలో అమలుకు వచ్చిన ‘ఫలితాలను బట్టి గ్రాంటు’ పద్ధతి దీనికి చక్కని ఉదాహరణ. తనిఖీ అధికారి బడికి వచ్చి, ఒక్కొక్క పిల్లవాడిచేత వాచకంలో కొంత భాగం చదివించి, రాయించి, లెక్క చేయించి, ఎందరు నెగ్గితే అంత సొమ్ము బడికి చెల్లించేవాడు. పైకి ఇది పిల్లల పరీక్షే అయినా, పంతులు జీతం దాని మీద ఆధారపడినందువల్ల నిజానికి పంతులు పరీక్షే. చదివే పేజీలు పరిమితం కావడం వల్ల వాటిని కంఠస్థం చేయించడమే సురక్షితమైన దారిగా మారింది. పుస్తకం చేతిలో ఉన్నా కళ్లు దానిమీద లేకుండానే వల్లించగల పిల్లవాడు అధికారి ముందు నెగ్గేవాడు, పంతులు కుటుంబానికి గ్రాసం దొరికేది. ఆ పంతులును తప్పుపట్టడం తేలిక గాని, కొలిచేది ఉచ్చారణ మాత్రమే అయినప్పుడు ఉచ్చారణను మాత్రమే తయారుచేయడం ఎవరికైనా తోచే ఉపాయమే.

మంజీర నది ఒడ్డున, నిజాం పాలనలోని మెదకు జిల్లాలో, పరిస్థితి మరొక విధంగా ఉండేది. తెలుగు పిల్లలకు ఓనమాలు దిద్దించింది ఎక్కువగా కానిగి బడులు. ఇల్లు, సొంతం అనే అర్థాలున్న ‘ఖాన్‌గీ’ అన్న ఫార్సీ మాట నుంచి వచ్చిన ఈ పేరు, సర్కారుతో నిమిత్తం లేకుండా ఒక అయ్యగారు తన ఇంటి అరుగు మీదో, గుడిలోనో, ఊరి పెద్ద ఇచ్చిన కొట్టంలోనో నడుపుకొనే బడికి వర్తించేది. 1880ల నుంచి ఫార్సీ స్థానంలో ఉర్దూ రాజభాష కావడం, 1918లో ఉర్దూ మాధ్యమంతో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడడం వల్ల పై తరగతులకు పోయేకొద్దీ తెలుగు పక్కకు తప్పుకొనేది. 1920లలో ప్రైవేటు బడి తెరవాలంటే ముందుగా అనుమతి పొందాలన్న నిబంధన వచ్చాక కానిగి బడులకు అదీ ఒక గండమైంది. ఈ స్థితిలో 1930 మార్చిలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ జరిగిన జోగిపేట నేటి సంగారెడ్డి జిల్లాలోనిదే. మాతృభాషలో చదువు అన్న కోరిక ఆ సభలలో ప్రధానమైన వాటిలో ఒకటిగా నిలిచింది.

ఆ కోరికకు పరీక్షా రూపం ఇచ్చింది 1943లో హైదరాబాదులో ఏర్పడిన ఆంధ్ర సారస్వత పరిషత్తు. సర్కారు చదువు ఉర్దూలో నడుస్తున్న రాజ్యంలో తెలుగులో ప్రశ్నపత్రం ఇచ్చి, తెలుగులో జవాబు రాయించి, విశారద వంటి పట్టాలు ఇచ్చే ఈ పరీక్షలు జిల్లాల్లోని ఎందరికో మొదటి తెలుగు రాతపరీక్షలయ్యాయి. పట్టా పొందినవారిలో పలువురు ఆ తరువాత తెలుగు పండితులుగా బడుల్లో చేరారు. తాను చదివినదాన్ని సొంత వాక్యాల్లో రాసి నిరూపించుకొనే అలవాటు ఈ ప్రాంతపు తెలుగు ఉపాధ్యాయుడికి అక్కడ మొదలైందనడం అతిశయోక్తి కాదు. అయితే అవి సాహిత్య పరీక్షలు. రాసేవాడికి ఎంత తెలుసో అడిగాయి గాని, తెలియనివాడికి ఎలా నేర్పుతావని అడగలేదు.

రాతజవాబును ఏ తెలుగులో రాయాలన్న తగవు అప్పటికే బ్రిటిష్ ఆంధ్రలో ఒకసారి పరీక్షాధికారుల గుమ్మం దాకా వెళ్లింది. 1910లలో గిడుగు రామమూర్తి పంతులు, ఆయన మిత్రులు చేసిన కృషి ఫలితంగా విద్యార్థులు వ్యాసరచనలో వ్యవహారభాషను వాడేందుకు మొదట అనుమతి లభించగా, 1911లో స్థాపితమైన ఆంధ్ర సాహిత్య పరిషత్తు తీవ్రంగా ప్రతిఘటించడంతో ప్రభుత్వం వెనక్కు తగ్గింది. వ్యావహారికం బడిపుస్తకాల్లో కుదురుకోవడానికి మరో అర్ధశతాబ్దం పట్టింది. మెదకు జిల్లాకు సంబంధించినంతవరకు ఆ గెలుపులో ఒక వెలితి మిగిలింది: గెలిచిన వ్యావహారికం కోస్తా జిల్లాల చదువుకున్నవారి మాటకు దగ్గరగా ఉండడం వల్ల, ‘వచ్చిండు’ అనే పిల్లవాడి ముందు ‘వచ్చాడు’ అన్న అచ్చు మాట, ‘వచ్చెను’ అన్న పాత మాటంత కాకపోయినా, పరాయిదిగానే నిలిచింది.

నిజాం పాలన ముగిసిన 1948 సెప్టెంబరు తరువాత తెలుగు మాధ్యమం విస్తరించడంతోనూ, 1956లో రాష్ట్రాల పునర్విభజన జరగడంతోనూ జిల్లా స్వరూపం మారింది. అంతవరకు బీదరు జిల్లాలో ఉన్న నారాయణఖేడ్, జహీరాబాద్ తాలూకాలు మెదకులో కలవడం వల్ల కన్నడం, మరాఠీ ఇంటిభాషలుగా ఉన్న ఊళ్లు కూడా ఈ జిల్లా ఉపాధ్యాయుడి బాధ్యతలోకి వచ్చాయి. ఇదే కాలంలో ఉపాధ్యాయ శిక్షణ స్థిరపడి, ‘మెథడాలజీ’ అని వాడుకలో పిలిచే బోధన పద్ధతుల పత్రం రాతపరీక్షగా రూపుకట్టింది. దాని పదజాలం ఇప్పటికీ చాలావరకు అదే. అక్షరాలను వరుసగా నేర్పి వాటినుంచి పదాలకు పోవడం అక్షర పద్ధతి. పరిచయమైన పదాన్ని బొమ్మతో చూపి, దానిని విడదీసి అక్షరాలను పట్టించడం పద పద్ధతి. పూర్తి వాక్యంతో మొదలుపెట్టి కిందికి దిగడం వాక్య పద్ధతి. ఉపాధ్యాయుడు ముందుగా చదివి వినిపించేది ఆదర్శ పఠనం, పిల్లలు గొంతెత్తి చదివేది ప్రకాశ పఠనం, పెదవి కదపకుండా చదివేది మౌన పఠనం. పాఠాన్ని మాటమాటా విప్పి చదివేది క్షుణ్ణ పఠనం, ఉపవాచకాన్ని కథకోసం సాగిపోతూ చదివేది విస్తార పఠనం. జర్మన్ విద్యావేత్త హెర్బార్ట్ పేరుమీద చలామణి అయిన సోపానాలు, అంటే సన్నాహం, ప్రదర్శన, సంసర్గం, సాధారణీకరణం, అన్వయం అనే పాఠపు మెట్లు, వీటన్నిటికీ చట్రంగా ఉండేవి.

ఈ పత్రానికి సిద్ధపడే పద్ధతి ఒక చేతివృత్తిలా తరం నుంచి తరానికి అందింది. పది మార్కుల వ్యాసరూప ప్రశ్నకు నాలుగు పేజీలు, అయిదు మార్కులకు రెండు పేజీలు అన్నది రాయని నియమం. మార్జిన్ కొట్టడం, మొదట నిర్వచనం రాయడం, ఒక విద్యావేత్త పేరు తగిలించడం, సైడ్ హెడ్డింగుల కింద గీతలు గీయడం, లాభాలూ లోపాలూ వేర్వేరుగా ఇవ్వడం, చివర ముగింపు అనే శీర్షికతో రెండు వాక్యాలు చేర్చడం, వీలైతే ఒకటి రెండు అడిషనల్ షీట్లు అడిగి పుచ్చుకోవడం అన్నవి సీనియర్లు జూనియర్లకు చెప్పే మెళకువలు. గైడ్లు ఈ మెళకువలను అచ్చువేసి అమ్మాయి. ఇందులో కొంత నిజమైన ప్రయోజనం ఉన్నమాట కాదనరానిది, ఎందుకంటే వందల పత్రాలు దిద్దే కళ్లకు క్రమం ఒక ఉపకారమే. కానీ పద పద్ధతిని వివరించమన్న ప్రశ్నకు జవాబు నిజామాబాదులో రాసినా, నెల్లూరులో రాసినా, జహీరాబాదులో రాసినా ఒకటిగానే ఉంటుంది. అందులో ఏ పిల్లవాడూ నోరు విప్పి ఏదీ చదవడు. క్యాంప్‌బెల్ పిల్లల గురించి రాసిన చిలకపలుకు ఇక్కడ గురువుల జవాబుపత్రంలోకి చేరిందని అంటే పరుషంగా వినిపించవచ్చు, అయినా ప్రశ్న అడిగే తీరే దానిని కోరింది.

1986 జాతీయ విద్యావిధానం ప్రకారం జిల్లాకొక విద్యా శిక్షణ సంస్థ (డైట్) ఏర్పడినప్పుడు మెదకు జిల్లా డైట్ మెదకు పట్టణం దగ్గరి హవేలీ ఘన్‌పూర్‌లో వెలిసింది. పేరు ముందు టీటీసీగా, ఆపై డీఎడ్‌గా, ఇప్పుడు డీఎల్ఈడీగా మారిన రెండేళ్ల కోర్సుకు సంగారెడ్డి వైపు పిల్లలు అక్కడికే వెళ్లేవారు; 2016 అక్టోబరులో సంగారెడ్డి వేరు జిల్లా అయ్యాక కొత్త హద్దుల్లో ఆ సంస్థ మెదకు జిల్లా వంతుకు పోయింది. 1980లలో బ్రిటిష్ సహాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, అంటే ఉపాధ్యాయులు అప్పెప్ అని పిలుచుకొన్నది, కృత్యాల ద్వారా నేర్పడం, జట్టుపని, వైయక్తిక భేదాలను పట్టించుకోవడం, స్థానిక పరిసరాలను వాడుకోవడం వంటి ఆరు సూత్రాలను ప్రచారం చేసింది. సూత్రాలు మంచివే. ఆరు అన్న సంఖ్య మాత్రం పరీక్షకు మరీ అనుకూలమైనది కావడంతో, తరగతిలో ఆచరించవలసినవి వరుస తప్పకుండా రాయవలసినవిగా మారడానికి ఎంతోకాలం పట్టలేదు.

ఈలోగా పిల్లలు మారారు. 1960ల నడుమ రామచంద్రాపురంలో భెల్ కర్మాగారం, 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ పరిశోధన సంస్థ, 1970ల చివరినుంచి పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడలు, 1980లలో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం, ఆపైన పాశమైలారం వరకు పాకిన మందుల, రసాయనాల, ఇనుప పరిశ్రమలు ఈ ప్రాంతాన్ని జాతీయ రహదారి పొడవునా జీతగాళ్ల ఊరుగా మార్చాయి. మొదటి తరంలో వచ్చినవారు తెలుగు జిల్లాలవారూ, టౌన్‌షిప్పుల్లో ఇంగ్లీషు బడులు కలవారూ అయితే, తరువాతి తరాలలో ఒడిశా, బీహారు, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన కాంట్రాక్టు కూలీల కుటుంబాలు ఇస్నాపూర్, పాశమైలారం చుట్టూ ఇరుకు గదుల్లో అద్దెకు దిగాయి. వారి పిల్లలు చేరేది దగ్గరలోని సర్కారు బడిలో. అక్కడి ఒకటో తరగతి గదిలో తెలంగాణ తెలుగు, ఉర్దూ, హిందీ, ఒడియా ఒకే బల్లమీద కూర్చుంటాయి, వాచకం మాత్రం ఒక్క భాషనే ఎరుగును.

సరిగ్గా ఈ మార్పు వేగం పుంజుకొంటున్న కాలంలోనే ఉద్యోగపు పరీక్ష బిట్లకు మళ్లింది. 1990ల చివరికి డీఎస్సీ, అంటే జిల్లా ఎంపిక సంఘం నడిపే నియామక పరీక్ష, ఓఎంఆర్ పత్రం మీద గుండ్రాలు నింపే పరీక్షగా అందరికీ తెలిసింది. లక్షలమంది రాసే పరీక్షలో దిద్దేవారి ఇష్టాయిష్టాలకూ, పైరవీలకూ, కోర్టు కేసులకూ చోటు తగ్గించాలంటే అంతకన్న మెరుగైన మార్గం ఆనాటి ప్రభుత్వాలకు కనిపించలేదు. ఏ పలుకుబడీ లేని కూలివాని బిడ్డ మెరిట్ లిస్టులో పేరు చూసుకోగలిగినది ఈ పద్ధతివల్లనే అన్న వాదనను తోసివేయడం న్యాయం కాదు. విద్యాహక్కు చట్టం తరువాత వచ్చిన ఉపాధ్యాయ అర్హత పరీక్ష, టెట్, ఉమ్మడి రాష్ట్రంలో 2011 జులైలో మొదటిసారి, తెలంగాణలో 2016 మేలో మొదటిసారి జరిగింది. ప్రాథమిక తరగతులకు ఉద్దేశించిన దాని మొదటి పేపరులో 150 ప్రశ్నలు, 150 మార్కులు. అందులో మొదటి భాషకు 30, ఆ ముప్పైలో భాషాంశాలకు 24 పోగా బోధన పద్ధతులకు మిగిలేవి ఆరు. వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం, మూల్యాంకనం అన్నీ ఆ ఆరు మార్కుల్లోనే సర్దుకోవాలి. 2024 జులై, ఆగస్టు నెలల్లో 11,062 పోస్టులకు జరిగిన తెలంగాణ డీఎస్సీలో ఓఎంఆర్ కాగితం కూడా పోయి కంప్యూటరు తెర వచ్చింది. ఒకప్పుడు డీఎస్సీ శిక్షణకు కృష్ణా తీరపు అవనిగడ్డ దాకా వెళ్లి గదులు తీసుకొని చదివినవారి తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇప్పుడు హైదరాబాదు కోచింగుల్లోనో, ఫోనులోని టెస్ట్ సిరీస్‌ల మీదనో, పటాన్‌చెరు షిఫ్టు డ్యూటీల సందులోనో అవే బిట్లు తిరగేస్తున్నారు.

రాతజవాబును వదలకుండా దాని స్వభావాన్నే మార్చుకొన్న ఉదాహరణలు బయట ఉన్నాయి. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం ప్రాథమిక ఉపాధ్యాయులకు 1998లో పెట్టిన పఠన బోధన పరీక్ష 2025 నడిమి వరకు నడిచింది. దాని రాత విభాగంలో బహుళైచ్ఛిక ప్రశ్నలతో పాటు నాలుగు చిన్న రాతజవాబులు, ఒక పెద్ద జవాబు ఉండేవి. పెద్ద జవాబుకు ఆధారంగా ఒక ఊహాజనిత విద్యార్థి వివరాలు, అతడు గొంతెత్తి చదివినప్పుడు చేసిన పొరపాట్ల నమోదు, అతడి రాత నమూనా వంటివి ఇచ్చి, ఆ విద్యార్థి బలమేమిటి, అవసరమేమిటి, దానికి ఏ బోధన చేయాలి, అది ఎందుకు పనిచేస్తుందని అడిగేవారు. మసాచుసెట్స్ వంటి రాష్ట్రాలు వాడే మరో పరీక్షలో నూరు బహుళైచ్ఛిక ప్రశ్నలకు తోడు రెండు రాతజవాబులు ఉంటాయి. ఈ తరహా ప్రశ్న వెనుక 1960లలో కెనెత్ గుడ్‌మన్ ప్రతిపాదించిన ఆలోచన ఒకటి ఉంది: చదివేవాడు అచ్చులో ఉన్నదానికి బదులు వేరొకటి పలికినప్పుడు దానిని తప్పుగా కొట్టివేయకుండా, అది అర్థాన్ని నిలిపిందా, చెరిపిందా అని చూడాలన్నది దాని సారం. చదవడమంటే ఊహించడమేనన్న ఆయన సిద్ధాంతాన్ని తరువాతి పరిశోధకులు గట్టిగా ఖండించారు, ఆ ఖండనలో బలముంది. సిద్ధాంతం ఓడినా, పొరపాటును సాక్ష్యంగా చదివే ఆయన పనిముట్టు మాత్రం మిగిలింది.

ఆ పనిముట్టు పటాన్‌చెరు తరగతి గదిలో ఎంత పదునుగా పనిచేయగలదో చూడడానికి నాలుగు పొరపాట్లు చాలు. వాచకంలో ‘వచ్చాడు’ అని ఉన్నచోట ‘వచ్చిండు’ అని చదివిన పిల్లవాడు అక్షరాలను దాటి అర్థానికి చేరి, దానిని తన ఇంటి మాటలో పలికాడు. తనిఖీ అధికారి చెవికి ఇది తప్పు, పఠన బోధన తెలిసిన చెవికి ఇది అవగాహనకు రుజువు, అయితే ‘చ్చా’ను కన్ను నిజంగా చూసిందా లేదా అన్న అనుమానం మాత్రం తీర్చుకోవాలి. ‘వల’ను ‘వల్’ అనీ ‘కమల’ను ‘కమల్’ అనీ చదివే పిల్లవాడు హిందీ ఇంటివాడై ఉండవచ్చు, ఎందుకంటే హిందీలో పదాంతంలోని అకారం రాతలో ఉండి పలుకులో లోపిస్తుంది, తెలుగు అజంత భాష, అంటే మాటలు చాలావరకు అచ్చుతో ముగిసే భాష. అదే పిల్లవాడికి హిందీలో హ్రస్వ ఎ, ఒ లకు వేరు అక్షరాలు లేనందువల్ల ‘కొడుకు’, ‘కోడి’ మాటల్లోని మొదటి గుణింతాలు ఒకటిగానే తోస్తాయి. ఒడియా ఇంటి పిల్లవాడికి పదాంతపు అచ్చుతో పేచీ లేదు, అతడి భాషా దానిని నిలుపుకొంటుంది; కానీ ఆ భాష పలుకుబడిలో ఇ, ఈలకూ, ఉ, ఊలకూ నిడివి భేదం చెరిగిపోయినందువల్ల ‘మూడు’ను ‘ముడు’ అని చదవవచ్చు. ‘చక్రం’ను ‘చర్కం’ అని చదివినవాడి సంగతి వేరు: క్రారవడి, అంటే ర వత్తు, అచ్చులో హల్లుకు ఎడమవైపునుంచి మొదలై కిందుగా చుట్టుకొంటుంది, ఎడమనుంచి కుడికి కదిలే కన్ను ముందు దానినే కలుస్తుంది, పలుకులో మాత్రం అది తరువాత రావాలి. వీడి ఇంటిభాష ఏదైనా కావచ్చు, చిక్కు లిపిలో ఉంది.

నాలుగు పొరపాట్లకూ తనిఖీ పట్టికలో పడే గుర్తు ఒక్కటే. నాలుగింటికీ మందు వేరు. ఇటువంటి ప్రశ్నకు రాతజవాబు సిద్ధం చేసుకొనే అభ్యర్థి ముందుగా పిల్లవాడు పలికినదాన్ని ఉన్నది ఉన్నట్టు ఉదాహరించి, దానికి తోచిన కారణాన్ని ఒక వాక్యంలో చెప్పి, వేరే కారణం ఉండే అవకాశాన్ని కూడా పరిశీలించి, ఏది నిజమో తేల్చే చిన్న కృత్యాన్ని సూచించి, ఆపైన బోధనకు రావాలి. ‘చర్కం’ అన్నవాడికి ‘చక్రం’, ‘పత్రం’, ‘చిత్రం’ మాటలను ఒక వైపూ, ‘చర్మం’, ‘ధర్మం’ మాటలను మరొక వైపూ పెట్టి, ర ఎక్కడుంటే ఎప్పుడు పలకాలో చూపించి, రెండు రోజుల తరువాత కొత్త మాటతో సరిచూడడం దానికి తగిన బోధన. ‘వల్’ అన్నవాడికి అదే కృత్యం దండగ, అతడికి కావలసింది మాట చివరి అచ్చును చప్పట్లతో లెక్కపెట్టించే మౌఖిక అభ్యాసం. ‘వచ్చిండు’ అన్నవాడికి అచ్చు మాటనూ ఇంటి మాటనూ పక్కపక్కన నల్లబల్లమీద రాసి రెండింటినీ చదివిస్తే చాలు. మెథడాలజీ పుస్తకంలోని లోప నిర్ధారణ పరీక్ష, లోప నివారణ బోధన అనే శీర్షికలు చెప్పేది నిజానికి ఇదే పని. నిర్వచనాలుగా కంఠస్థమైనందువల్ల అవి ఈ పిల్లల దాకా దిగిరావు. ఇలాంటి జవాబుకు నాలుగు పేజీలు అక్కరలేదు, సైడ్ హెడ్డింగులూ అక్కరలేదు. దిద్దేవారికి మాత్రం పని పెరుగుతుంది, ఎందుకంటే కీ చూసి మార్కు వేయడం కుదరదు. రాతజవాబు ఉద్యోగపు పరీక్షకు తిరిగి రాకపోవడానికి కారణం అభ్యర్థుల అశక్తతకన్న ఇదే కావచ్చు.

చదివించి వినే పాత మార్గం మాత్రం తిరిగి వచ్చింది. 2005లో ప్రథమ్ సంస్థ మొదలుపెట్టిన అసర్ సర్వేలో ఇంటికి వచ్చిన స్వచ్ఛంద కార్యకర్త పిల్లవాడి చేతికి ఒక కాగితమిచ్చి అక్షరాలు, పదాలు, చిన్న పేరా, కథ వరుసగా చదివిస్తాడు. 2022 ఆగస్టులో తెలంగాణ ప్రభుత్వం ఒకటి నుంచి అయిదు తరగతులకు ప్రారంభించిన తొలిమెట్టు కార్యక్రమంలోనూ పిల్లల చేత చదివించి విని వారి స్థాయిని నమోదు చేయవలసి ఉంటుంది. గ్రాంటు మాట లేకపోయినా, పుస్తకం పట్టుకొన్న పిల్లవాడి ఎదుట పట్టిక పట్టుకొన్న పెద్దమనిషి మళ్లీ వచ్చి కూర్చున్నాడు. అతడికి ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో తెలుస్తుంది.

మెట్టు ఎందుకు ఎక్కలేదన్నది రాసి పెట్టే చోటు శిక్షణ కోర్సులో ఒకటి ఇప్పటికీ ఉంది. బడిలో ఇంటర్న్‌షిప్పుకు వెళ్లిన ఛాత్రోపాధ్యాయుడు, అంటే శిక్షణలో ఉన్న విద్యార్థి, ఒక పిల్లవాడిని ఎంచుకొని, కొన్ని వారాలు గమనించి, వ్యక్తి అధ్యయనం పేరిట ఒక రికార్డు రాసి సమర్పిస్తాడు. సీనియర్ల రికార్డు చూసి ఎక్కించినవి చాలా ఉంటాయి. అక్కడక్కడ ఒకదానిలో మాత్రం ఫలానా పాప ‘మూడు’ను ఎలా పలికిందో, ఏం చేస్తే సరిగా పలికిందో తేదీలతో సహా ఉంటుంది. ఎర్ర సిరా సంతకం పడ్డాక ఆ రికార్డు కళాశాల బీరువాలోకి వెళ్తుంది. రాసిన ఛాత్రోపాధ్యాయుడు వార్షిక పరీక్షకు కూర్చొని, మార్జిన్ కొట్టి, వ్యక్తి అధ్యయనం నిర్వచనంతో జవాబు మొదలుపెడతాడు.